ఊరి బృందానికి గడ్డి మిషన్ కొనొచ్చా? 35 సీసీ ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్ సమీక్ష

చిన్న పట్నాల్లో పొద్దున్నే చీపుర్లు, దంతెలు పట్టుకుని రోడ్డెక్కే బృందాల్లో మూణ్ణాలుగు నెలలు తిరిగేసరికి ఒక మాట తప్పకుండా వస్తుంది: ‘ఒక గడ్డి మిషన్ ఉంటే ఎంత బాగుండు!’ తొలకరి పడి రోడ్డు మార్జిన్లలో గడ్డి మోకాలెత్తు లేచాక ఆ మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. ఎవరో ఒక దాత కూడా దొరుకుతాడు. మరునాడే మిషన్ వచ్చేస్తుంది. సంక్రాంతి నాటికి అది ఎవరింటి వరండాలోనో గోనె సంచి కప్పుకుని పడి ఉంటుంది.

మిషన్ గడ్డి బాగానే కోస్తుంది, అందులో అనుమానం లేదు. జీతం లేని పదిహేను మంది మనుషులు, మున్సిపాలిటీ ట్రాక్టరు, షాపుల వాళ్ల చందా – వీటితో నడిచే పనిలో అది ఎక్కడ ఇముడుతుంది, ఎక్కడ అడ్డం పడుతుంది అన్నది చూసి రాసిన సమీక్ష ఇది.

ఇక్కడ లెక్కలోకి తీసుకున్నది హోండా జీఎక్స్ 35 రకం ఇంజిన్ ఉన్న సైడ్ ప్యాక్ మిషన్, అంటే భుజానికి బెల్టుతో పక్కన వేలాడేది. 35.8 సీసీ, ఫోర్ స్ట్రోక్, బరువు 7–8 కిలోలు, ట్యాంకులో పట్టే పెట్రోలు 600 మిల్లీలీటర్ల పైచిలుకు. పేరున్న కంపెనీవి ఊరిని, డీలరును బట్టి 25 నుంచి 35 వేల మధ్య పలుకుతాయి. అదే ఆకారంలో ఉండే నకళ్లు, టూ స్ట్రోక్ మిషన్లు 8–12 వేలకే దొరుకుతాయి. వీపున మోసే బ్యాక్ ప్యాక్ రకాలు కూడా ఉన్నాయి. గట్ల మీద, వాలు నేలల్లో అవి సుఖం. కానీ మనిషి మారిన ప్రతిసారీ పట్టీలు విప్పి బిగించాలి. పావుగంటకొకరు చేతులు మారే బృందానికి సైడ్ ప్యాకే నయం.

మా మాట ముందే చెప్పేస్తాం. రోజూ ఖాయంగా పన్నెండు మందికి తగ్గకుండా వచ్చే బృందానికి ఈ మిషన్ కొనదగినదే. ఆరేడుగురే వస్తుంటే వద్దు.

టూ స్ట్రోక్ ఎందుకు వద్దంటామో ముందు చూద్దాం. అది చవక, తేలిక, అదే సీసీలో లాగుడు కూడా ఎక్కువ. రైతు ఇంట్లో ఒక్కడే వాడుకునేదైతే టూ స్ట్రోక్‌ను తప్పుపట్టే పని లేదు. పదిమంది చేతుల్లో తిరిగే మిషన్‌కు మాత్రం పెట్రోల్లో ఆయిల్ కలపడమే గండం. కంపెనీ 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. 2టీ ఆయిల్, 25:1 అంటే 40 మి.లీ. కలిపిన క్యాను, కలపని క్యాను చూడ్డానికి దాదాపు ఒకటే. చీకట్లో హడావిడిగా వట్టి పెట్రోలు పోసి నడిపితే కాసేపటికే పిస్టన్ పట్టేస్తుంది. ‘నువ్వు కలిపావనుకున్నా’ అనే మాట బృందంలో మొదలైందంటే పిస్టన్ ఖర్చు కన్నా ఎక్కువే నష్టం. ఫోర్ స్ట్రోక్‌లో బండిలో పోసే పెట్రోలే పోస్తాం, ఆయిల్ వేరుగా ఇంజిన్లో ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు.

అలాగని ఆయిల్‌ను మర్చిపోవడానికీ లేదు. ఇందులో పట్టేది 100 మి.లీ. మాత్రమే, అంటే టీ గ్లాసుడు. 10డబ్ల్యూ-30 గ్రేడు వాడాలి. అంత కొంచెంలో 20–30 మి.లీ. తగ్గినా ఇంజిన్‌కు చేటే. అందుకే రోజూ స్టార్ట్ చేసేముందు మిషన్‌ను సమంగా పెట్టి, మూత తీసి, నోటి అంచు దాకా ఆయిల్ ఉందో లేదో చూడాలి. అంచు దాటి పోసినా తప్పే: తెల్లటి పొగ, ఎయిర్ ఫిల్టర్ స్పాంజి ఆయిల్‌తో తడిసిపోవడం, ఆ తర్వాత స్టార్ట్ కాకపోవడం. మొదటిసారి 10 గంటలకే ఆయిల్ మార్చాలి, ఆ తర్వాత 50 గంటలకో ఆరు నెలలకో, ఏది ముందైతే అది. ఎయిర్ ఫిల్టర్‌ను కంపెనీ ఇచ్చే పుస్తకం 25 గంటలకు శుభ్రం చేయమంటుంది. మన వేసవి రోడ్ల దుమ్ముకు వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, పిండి, పూర్తిగా ఆరబెట్టి బిగిస్తే మంచిది. ప్లగ్ గ్యాప్ 0.6–0.7 మి.మీ. కొస దగ్గరుండే గేర్ హెడ్‌లో గ్రీజు సంగతి సాధారణంగా ఎవరికీ గుర్తుండదు. అక్కడ చేయి పెట్టలేనంత వేడెక్కుతోందంటే గ్రీజు అయిపోయిందని గుర్తు.

బిగించుకునే సరంజామాలో మూడు రకాలుంటాయి. రోజువారీ గడ్డికి నైలాన్ తీగ హెడ్డు, 2.4 నుంచి 3 మి.మీ. తీగ. సిమెంటు రోడ్డు అంచున, గోడవార, కరెంటు స్తంభాల చుట్టూ తీగే వాడాలి, బ్లేడు పెట్టకూడదు. ఎండాకాలం తీగ పెళుసెక్కి నిమిషానికోసారి తెగుతుంటే, చుట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి తెల్లారి వాడి చూడండి, తేడా తెలుస్తుంది. బాగా ముదిరిన గడ్డికి, తుంగకు మూడు పళ్ల బ్లేడు. సర్కారు తుమ్మ పిలకలకు 80 పళ్ల బ్లేడు, అదీ బొటనవేలు లావు వరకే. అంతకు మించితే కత్తి, గొడ్డలి పని. బ్లేడు పట్టే నట్టుకు మర ఎడమవైపు. మామూలు అలవాటు కొద్దీ తిప్పితే విప్పుతున్నామనుకుని ఇంకా బిగిస్తాం, చివరికి మర పోతుంది. గేర్ హెడ్ మీద విప్పే దిక్కుకు పెయింటుతో ఒక బాణం గుర్తు వేసి పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు.

నడిపేటప్పుడు పై నుంచి చూస్తే బ్లేడు గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. కుడి నుంచి ఎడమకు ఊపుతూ, బ్లేడు ఎడమ సగంతో కోయాలి. కోసిన గడ్డి ఎడమవైపు వరసగా పడుతుంది, వెనక దంతెతో లాగేవాళ్లకు సులువు. గడియారం ముఖంలా చూసుకుంటే 12కీ 3కీ మధ్య భాగం రాయికో మొద్దుకో తగిలితే మిషన్ మొత్తం కుడివైపుకి తన్నుకొస్తుంది. చుట్టూ 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదన్న నియమం అందుకే. కళ్లద్దాలు, వాటిమీద జాలీ ముసుగు, చెవులకు రక్షణ, మోకాళ్ల దాకా గార్డులు, బూట్లు లేకుండా మిషన్ ముట్టుకోనివ్వకండి. జాలీ ఒక్కటే ఉంటే గులకరాయి ఆగుతుంది, ఇసుక ఆగదు. హవాయి చెప్పులతో వచ్చిన పెద్దాయన ‘ఒక్క నిమిషం నేను చూస్తా’ అంటే, ఆయన ఎంత పెద్ద దాతైనా సరే, వద్దని చెప్పగలిగిన మనిషి చేతిలోనే మిషన్ ఉండాలి.

ఆగి ఉన్న కార్ల పక్కన పనిచేయాలంటే 4 అడుగుల ఆకుపచ్చ షేడ్ నెట్‌ను రెండు కర్రలకు కట్టి, ఆ కర్రలను సిమెంటు పోసిన పాత పెయింటు డబ్బాల్లో నిలబెట్టండి. మిషన్ ఆపాకే దాన్ని ముందుకు జరపాలి. రాయి తగిలి అద్దం పగిలితే డబ్బెవరిస్తారన్నది కూడా మొదటి రోజే మాట్లాడుకోవాలి. పగిలాక మాట్లాడితే ఎవరూ మాట్లాడరు.

ఎక్కడ వాడకూడదన్నది ఎక్కడ వాడాలన్నదానికన్నా పెద్ద జాబితా.

వయ్యారిభామ మన మార్జిన్లలో సగం ఉంటుంది. మిషన్‌తో కోస్తే ఆ పూటకు రోడ్డు నున్నగా కనిపిస్తుంది, ఫొటో బాగుంటుంది. మొదట్లోంచి మళ్లీ కొమ్మలేసి, రెండు మూడు వారాల్లో ఈసారి నేలబారుగా పూస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పైగా తీగ దెబ్బకు దాని పుప్పొడి, ఆకు తునకలు గాల్లో లేచి ఒంటిమీద పడి దద్దుర్లు, తుమ్ములు. వాన పడి నేల మెత్తబడ్డ మర్నాడు, పూత రాకముందు, చేతి తొడుగులు వేసుకుని వేర్లతో పీకడమే దానికి మందు. పూత రానిదైతే కంపోస్టు గుంటలో వేయొచ్చు. పూత వచ్చిందాన్ని మామూలు గడ్డి కుప్పలో కలిపి ట్రాక్టరెక్కిస్తే, గింజల్ని ఊరంతా చల్లుకున్నట్టే.

దూలగొండి తీగ అల్లుకున్న కంచె దగ్గరికి, ముఖ్యంగా కాయ ఎండిన రోజుల్లో, మిషన్ తీసుకెళ్లకండి. ఆ నూగు గాల్లో లేస్తే వెనకున్న పది మందీ ఆ వారమంతా పనికి రారు. బహిర్భూమికి వాడే చోట్ల నైలాన్ తీగ ఏం చేస్తుందో వివరించనక్కర్లేదు. అక్కడ ముందు పార, సున్నం. ఆ తర్వాతే ఏదైనా. పాత కేబుల్ ముక్కలు, బైండింగ్ వైరు, చీర పేలికలు, క్యారీ బ్యాగులు ఉన్న గడ్డిలో ఇద్దరు ముందు నడిచి ఏరేయాలి. లేకపోతే అవన్నీ హెడ్డుకు చుట్టుకుంటాయి. వాటిని తీయాలంటే ఇంజిన్ పూర్తిగా ఆపి ప్లగ్ క్యాప్ లాగేశాకే చేయి పెట్టాలి.

అన్నింటికన్నా బాధ కలిగించేది మొక్కల సంగతి. బృందం తనే జులైలో గుంతలు తీసి, కానుగ మొక్కలు పచ్చగా రావాలని ట్రీ గార్డులు పెట్టి, వేసవంతా బిందెలతో నీళ్లు మోసి పెంచుతుంది. మరుసటి వానాకాలం వాటి చుట్టూ గడ్డి తీయబోయి నైలాన్ తీగను కాండానికి తగలనిస్తుంది. పైకి కనిపించేది వేలెడు వెడల్పున తడి గోధుమరంగు గీత, అంతే. తీగ కాండం చుట్టూ తిరిగి బెరడు వలయంగా లేచిపోయిందంటే, ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు దిగే దారి తెగిపోయినట్టు. పై ఆకులు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తర్వాత మొక్క మోడైపోతే ‘నీళ్లు చాల్లేదు’ అనుకుంటారు. ప్రతి మొక్క చుట్టూ అడుగున్నర వలయం కొడవలితోనో చేత్తోనో తీసి, అక్కడ ఎండుగడ్డి మల్చింగ్ వేసేస్తే మిషన్ అటు పోవాల్సిన పనే ఉండదు. మిషన్ నడిపేవాడికంటే ముందు కొడవలి మనిషి నడవాలన్నది మార్చకూడని వరస.

ఇక చప్పుడు. కృష్ణా జిల్లా చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి నడుస్తున్న స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తల మాదిరి తెల్లవారుజామున నాలుగున్నరకే రోడ్డెక్కే పద్ధతి పెట్టుకున్న బృందానికి ఇది పెద్ద చిక్కే. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రాత్రివేళ కిందే లెక్క. అయిదింటికి ఇళ్ల మధ్య ఈ మిషన్ మోగిస్తే, మెచ్చుకోవాల్సిన వీధి తిట్టుకుంటుంది. చందా అడగడానికి వెళ్లాల్సింది ఆ వీధికే. ఆరు దాకా ఊడ్పు, ఏరుడు; ఆరు తర్వాత మిషన్. ఊరి బయటి రోడ్లలోనైతే తొందరగా మొదలుపెట్టొచ్చు, కానీ పాము కనిపించేంత వెలుతురు వచ్చాకే.

మోకాలెత్తు మెత్తటి గడ్డిలో, రెండు మీటర్ల వెడల్పు మార్జిన్‌లో ఈ మిషన్ గంటకు 150–200 మీటర్ల పొడవు కోస్తుంది. ట్యాంకు దాదాపు గంట వస్తుంది. ఒకరు అరగంటకు మించి నడపకూడదు. చేతులకు తిమ్మిరెక్కుతుంది, పట్టు సడలుతుంది. ఇద్దరు నడిపేవాళ్లు, ముందు నడిచే ఇద్దరు, వెనక దంతెలు పట్టే నలుగురు, డిప్పలతో ఎత్తే నలుగురు – పన్నెండు మంది అన్న లెక్క ఇక్కణ్నించే వచ్చింది. వాళ్లలో నలుగురు రాకపోయినా మిషన్ అంతే వేగంగా కోస్తుంది. ఎత్తేవాళ్లు ఉండరు. కోసిన గడ్డి కుప్పలుగా మిగిలి, ఒక వాన పడితే కుళ్లి, మురుగు కాలవలో జారి, పూడికై కూర్చుంటుంది. ‘వీళ్లొచ్చాకే కాలవ పూడింది’ అని వార్డులో మాట పుడుతుంది. కాబట్టి ఈ రోజు ఎంత ఎత్తగలమో ఆ మేరకు ముందే సున్నంతో గీత గీసి, గీత దగ్గర మిషన్ ఆపేయాలి. పెట్రోలు మిగిలినా సరే. చూసేవాళ్లకు చాదస్తంగా అనిపిస్తుంది కానీ, మిషన్ ఉన్న బృందం మొదట నేర్చుకోవాల్సింది ఆగడమే.

కుప్ప తరలించడం మున్సిపాలిటీ లేదా పంచాయతీ పని. అది నోటిమాటతో జరగదు. వారానికి ముందు ఒక్క పేజీ ఉత్తరం: ఏ తేదీ, ఏ మలుపు నుంచి ఏ స్తంభం దాకా, కుప్పలు ఎక్కడెక్కడ పెడతాం, ట్రాక్టరు ఎన్నింటికి కావాలి, మాట్లాడాల్సిన ఒకే ఒక్క ఫోను నంబరు. కమిషనర్‌కు గానీ పంచాయతీ కార్యదర్శికి గానీ ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోవాలి. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, మేస్త్రికి ముందురోజు సాయంత్రం మళ్లీ గుర్తు చేయాలి. ట్రాక్టరును పంపేది నిజానికి ఆ మేస్త్రే. తెలంగాణలో పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి కనుక అక్కడ డీజిల్, డ్రైవరు సర్దుబాటే అసలు మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం నడుస్తోంది. ఆ రోజు వాహనాలు, సిబ్బంది ఎలాగూ కదులుతారు కాబట్టి ఎక్కువ కుప్ప పడే రోడ్డును ఆ శనివారానికి పెట్టుకోవడం తెలివి. ట్రాక్టరు రాకపోతే కుప్ప తగలబెట్టే ఆలోచన మాత్రం వద్దు. అది నిబంధనలకు విరుద్ధం, పైగా పచ్చిగడ్డి పొగ ఊరంతా కమ్ముతుంది.

మిషన్ ఎవరి పేరున కొనాలి? దాత పేరున కొంటే ఆయన అలిగిన రోజు మిషన్ ఇంటికెళ్తుంది. మున్సిపాలిటీ పేరున కొంటే స్టోర్ రూము తాళం కోసం తిరగాలి. బృందాన్ని సొసైటీగా రిజిస్టర్ చేసి (2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు), బిల్లు సొసైటీ పేరున తీసుకుని, స్టాకు రిజిస్టరులో ఇంజిన్ నంబరుతో సహా రాసుకోవడమే సరైన దారి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు. వ్యవసాయ యాంత్రీకరణ రాయితీలో చవగ్గా వస్తుందని సభ్యుడైన రైతు పాసుపుస్తకం మీద తీసుకోవాలన్న సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వినకండి. ఆ రాయితీ రైతు పొలానికి ఇచ్చింది. రేపు ఎవరైనా అడిగితే బృందం పరువు, రైతు పరువు రెండూ పోతాయి.

మిషన్‌తో పాటు ఒక నోటుబుక్కు కూడా కొనండి. తేదీ, నడిపిన ఇద్దరి పేర్లు, మొదలు–ఆపు సమయం, పోసిన పెట్రోలు, పనిచేసిన చోటు, పాడైంది ఏమిటి. 10, 25, 50 గంటలు ఎప్పుడు నిండాయో ఈ పుస్తకమే చెబుతుంది. నెలకు పన్నెండు పూటలు, పూటకు గంట చొప్పున చూసుకుంటే 7–8 లీటర్ల పెట్రోలు. తీగ, ఆయిల్, గ్రీజు కలిపి నెలకు పదిహేను వందలు పక్కన పెట్టుకోవాలి. మిషన్ ఇచ్చే దాత దొరుకుతాడు, పెట్రోలు పోయించే దాత దొరకడు. కొనకముందే ఆరు నెలల నడక ఖర్చు ఖాతాలో ఉందో లేదో చూసుకోండి.

నిలవ ఉంచడంలో ఒక్కటే జాగ్రత్త, కానీ అదే ఎక్కువ మిషన్లను చంపేది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, తేమ పీలుస్తుంది. నెల రోజులు వాడం అనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి కార్బురేటర్‌ను ఎండబెట్టాలి. లేదంటే జిగురు పేరుకుని, వానాకాలం మొదటి రోజున తాడు లాగి లాగి భుజం పోతుంది, కార్బురేటర్ విప్పించాల్సి వస్తుంది. పెట్రోలు తెచ్చుకోవడానికి ప్లాస్టిక్ సీసా కాకుండా మూత బిగుసుకునే లోహపు క్యాను వాడండి.

నకళ్ల గురించి రెండు మాటలు. ఇంజిన్ కన్నా ముందు క్లచ్, స్టార్టర్ తాడు, త్రాటిల్ కేబుల్ పోతాయి. విడిభాగాలు చవకే, కానీ మీ పట్నంలో దొరక్కపోతే ఒక స్ప్రింగు కోసం పూట పని పోతుంది. కంపెనీదైనా సరే, 30–40 కిలోమీటర్ల లోపల సర్వీసు చేసేవాడు లేకపోతే ఆ కంపెనీది కొనకండి.

ఆరేడుగురి బృందం ఇదే ముప్పై వేలతో ఏం చేయొచ్చంటే: పది దంతెలు, పది కొడవళ్లు, నాలుగు గునపాలు, నాలుగు పారలు, పాతిక డిప్పలు, ఈత చీపుర్లు రెండు కట్టలు, మెరిసే పట్టీల జాకెట్లు పదిహేను, మంచి తొడుగులు – ఇవన్నీ వచ్చాక కూడా కొంత మిగులుతుంది. చేతిపనిలో ఉన్న లాభం ఏమిటంటే, దారిన పోయేవాడు ఆగి ‘నాకూ ఒకటి ఇవ్వండి’ అనగలడు. మిషన్ మోగుతున్న చోట ఎవరూ దగ్గరికి రారు, రాకూడదు కూడా. కొత్తవాళ్లు చేరే రోజుల్లో, కాలేజీ పిల్లలు వచ్చే ఆదివారాల్లో మిషన్‌ను ఇంటి దగ్గరే వదిలేయడం మేలని అందుకే చెబుతున్నాం.

మార్కులు: పన్నెండు మంది, ట్రాక్టరు హామీ, ఆరు నెలల పెట్రోలు ఉన్న బృందానికి ఫోర్ స్ట్రోక్ సైడ్ ప్యాక్ 5కి 4. పోయిన మార్కు బరువుకూ చప్పుడుకూ. టూ స్ట్రోక్ నకలు 5కి 2. ఏది కొన్నా, డబ్బు కట్టేముందు షాపులోనే ఇద్దరు సభ్యుల చేత స్టార్ట్ చేయించి, బ్లేడు విప్పించి, మళ్లీ బిగింపించండి. బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించి, అదనంగా ఒక తీగ హెడ్డు, ఒక ప్లగ్, ఒక స్టార్టర్ తాడు ఆ పూటే తీసుకురండి.